అమిష్ ఇళ్ల పాస్తా క్యాసెరోల్ ‘యుమసెట్టి’ని తయారుచేయడం ఎలా?

అమెరికాలోని ఒహాయో, పెన్సిల్వేనియా ప్రాంతాల అమిష్ (ఆధునిక సదుపాయాలకు దూరంగా సాదాసీదాగా జీవించే క్రైస్తవ సమాజం) కుటుంబాలు ఎక్కువమందికి ఒకేసారి వడ్డించవలసి వచ్చినప్పుడు చేసుకునే వంటకాల్లో యుమసెట్టి ఒకటి. కీమా, వెడల్పాటి గుడ్డు నూడుల్స్, చీజ్‌ను పొరలుగా పేర్చి ఓవెన్‌లో కాల్చితే ఇది తయారవుతుంది. చాలా అమిష్ ఇళ్లకు బయటి విద్యుత్ సరఫరా ఉండదు కనుక, అక్కడ గ్యాస్ ఓవెన్‌లోనో కట్టెల పొయ్యికి అమర్చిన ఓవెన్‌లోనో దీన్ని కాలుస్తారు.

ఎనిమిది మందికి 350 గ్రాముల నూడుల్స్, 700 గ్రాముల కీమా, ఒక పెద్ద ఉల్లిపాయ, 300 గ్రాముల టమాటా ప్యూరీ, రెండు పెద్ద చెంచాల బ్రౌన్ షుగర్, 200 గ్రాముల చెడార్ చీజ్ తురుము కావాలి. అక్కడ గొడ్డుమాంసం వాడతారు. కోడి కీమాతోనూ బాగుంటుంది. మాంసం తిననివారు సన్నగా తరిగిన పుట్టగొడుగులను నీరంతా ఇగిరేవరకు వేయించి వాడుకోవచ్చు.

మొదట కీమాను ఉల్లిపాయ ముక్కలతో కలిపి, పచ్చిదనం పోయి ముదురు రంగు వచ్చేదాకా వేయించాలి. పైకి తేలిన కొవ్వును తీసేసి, టమాటా ప్యూరీ, బ్రౌన్ షుగర్, ఉప్పు, మిరియాల పొడి వేసి పది నిమిషాలు ఉడకనివ్వాలి. ఇక్కడ గరం మసాలా వేయాలనిపించినా వేయవద్దు. అది పడితే పాలు, వెన్నల కమ్మదనం అణగిపోతుంది, ఈ వంటకానికి ఆ కమ్మదనమే ప్రాణం.

నూడుల్స్‌ను కలిపే సాస్‌గా అక్కడివారు సాధారణంగా డబ్బాలో దొరికే క్రీమ్ చికెన్ సూప్ వాడతారు. దాని బదులు తెల్ల సాస్‌ను ఇంట్లోనే చేసుకోవడం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే ఉప్పూ చిక్కదనమూ మన చేతిలోనే ఉంటాయి. 50 గ్రాముల వెన్న కరిగించి, 40 గ్రాముల మైదా వేసి, రంగు మారకుండా సన్నని సెగపై రెండు నిమిషాలు వేయించాలి. తరువాత 600 మిల్లీలీటర్ల పాలు, 200 మిల్లీలీటర్ల చికెన్ స్టాక్ (కోడిమాంసం ఉడికించి వడకట్టిన నీరు; మాంసం తిననివారైతే కూరగాయలు ఉడికించిన నీరు) కొద్దికొద్దిగా పోస్తూ, ఉండలు కట్టకుండా కలుపుతూ మరిగించి, ఉప్పు సరిచూసుకోవాలి. ఇది చూడటానికి కాస్త పలుచగానే ఉంటుంది, ఉండాలి కూడా. నూడుల్స్ ఓవెన్‌లో ఇంకా తడి పీల్చుకుంటాయి కనుక, పొయ్యి మీదే సరిగ్గా కుదిరినట్టు కనిపించిన సాస్ కాలేసరికి పిడచకట్టుకుపోతుంది. ఇదే కారణంగా, నూడుల్స్‌ను ఉప్పు వేసిన మరిగే నీళ్లలో, ప్యాకెట్‌పై రాసిన సమయానికి రెండు నిమిషాల ముందే, నడిమధ్య కొంచెం గట్టిదనం ఉండగానే వార్చి, వెంటనే తెల్ల సాస్‌లో కలిపేయాలి.

ఓవెన్‌ను 175 డిగ్రీల సెల్సియస్‌కు ముందుగా వేడిచేయాలి. సుమారు 23 సెంటీమీటర్ల వెడల్పు, 33 సెంటీమీటర్ల పొడవున్న లోతైన పాత్రకు వెన్న రాసి, సగం నూడుల్స్, వాటిపై సగం కీమా, సగం చీజ్ పరచి, మిగిలినవాటిని అదే వరుసలో పేర్చాలి. టమాటా పులుపు పాల సాస్‌లో ముందే కలిసిపోకుండా ఈ పొరలు కాపాడతాయి, తినేటప్పుడు రెండు రుచులూ విడివిడిగా తెలుస్తాయి. రెండు బ్రెడ్ ముక్కలను పొడిచేసి, కరిగించిన వెన్నతో కలిపి పైన చల్లాలి.

అంచుల వెంట బుడగలు వచ్చి, పైన బంగారు రంగు తేలేవరకు, అంటే 30 నుంచి 35 నిమిషాలు, మూత లేకుండా కాల్చాలి. బయటికి తీసిన వెంటనే కోస్తే పొరలు జారిపోతాయి. పది నిమిషాలు ఆగి ముక్కలుగా తీయాలి. పక్కన ఉడికించిన బఠానీలు గానీ, పులుపూ తీపీ కలిసిన కీరదోస ఊరగాయ గానీ ఉంటే వెన్న జిడ్డుకు సరైన జోడీ. మిగిలినదాన్ని ఫ్రిజ్‌లో ఉంచి, మరునాడు పైన రెండు చెంచాల పాలు చిలకరించి, మూతపెట్టి, లోపలిదాకా పొగలు వచ్చేలా వేడిచేసుకోవాలి.