కల్పిత రాజ్యంలో ఊళ్ళ పేర్లు: ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేయాలి

కాకతీయుల కాలాన్ని పోలిన రాజ్యాన్ని ఊహించి నవల రాస్తున్నవాళ్ళ కోసం ఇది.

సమస్య: పేర్లన్నీ పౌరాణిక నాటకంలోంచి వచ్చినట్టున్నాయి

తేజోగిరి, అమరసేనపురం, వీరేంద్రనగరి... ప్రతి ఊరికీ ఆస్థానకవే పేరు పెట్టినట్టుంటుంది. పల్లెకు పేరు పెట్టేది అడవి కొట్టి, కుంట తవ్వుకుని అక్కడ కాపురమున్న జనం. చింతలపూడి, మర్రిపాడు పేర్లలో ఆ చెట్లు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.

సంస్కృత పేర్లను అగ్రహారాలకూ, రాజధానికీ దాచుకోండి. రాజధానికి కూడా జనం పిలుచుకునే పేరు వేరే ఉండాలి: కావ్యంలో ఏకశిలానగరం, సంతలో ఓరుగల్లు.

సమస్య: పేరు ఒకటి, పటంలో చోటు ఒకటి

చెవికింపుగా ఉందని పేరు చివర లంక, సముద్రం లాంటి తోకను తగిలించడం వల్ల వచ్చే చిక్కు ఇది. లంక అంటే ఏటి పాయల నడుమ నేల. దాన్ని మెట్ట సీమలో పెడితే గోదావరి పాఠకుడు అక్కడే పుస్తకం మూసేస్తాడు. రాయలసీమలో సముద్రం అంటే పెద్ద చెరువు, అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం ఉన్నట్టు. ముందు ఏరు, కొండ, చెరువు గీసుకోండి; తోక ఆ తర్వాత.

సమస్య: రాజ్యానికి వెయ్యేళ్ళ చరిత్ర ఉందంటారు, పేర్లు మాత్రం నిన్న పెట్టినట్టున్నాయి

నాకు అన్నిటికంటే ఇష్టమైన చిక్కు ఇదే, ఎందుకంటే దీన్ని విప్పుతుంటే కథే దొరుకుతుంది. కారణం, మీ రాజ్యంలో ఏ పేరూ అరగలేదు, ఏ పేరు మీదా పోరు జరగలేదు. రాజమహేంద్రవరం నోట్లో నలిగి రాజమండ్రి అయింది. రేవు అనే అర్థమున్న పారసీ మాట బందరు మచిలీపట్నానికి పేరై కూర్చుంది. 1323లో ఢిల్లీ సేనలు ఓరుగల్లును పట్టుకుని సుల్తాన్‌పూర్ అన్నాయి. ఆ పేరు నిలవలేదు.

మీ రాజ్యంలో ఒక కోటకైనా ఇలా జరగనివ్వండి. గెలిచినవాడి పేరు ఫర్మానాలో ఉంటుంది. పాత పేరు పలికిన పడవవాడు ఎవరి పక్షమో పాఠకుడికి వేరే చెప్పక్కర్లేదు.

సమస్య: పాఠకుడు రెండు ఊళ్ళను కలిపేస్తున్నాడు

మొదటి అక్షరం ఒకటే. ఒకటి మార్చండి.

సమస్య: పేరు బాగుంది, వాక్యంలో ఇమడటం లేదు

విభక్తి చేర్చి, ఇంటిపేరు చేసి చూడండి. పాడు పాటి అవుతుంది, ఊరు ఊరి అవుతుంది: రాళ్ళపాడు నుంచి వలస వచ్చినవాళ్ళు రాళ్ళపాటివారు. ఎల్డోరియా లాంటి పరాయి పేరుకు ఇంటిపేరు రాదు. అలాంటి పేరును ఓడ మీద వచ్చిన పరదేశి నోటికి వదిలేయండి.