వెదురు బొంగుల స్టార్‌షిప్: మేం స్టార్ ట్రెక్ ఫ్యాన్ ఫిల్మ్ ఎలా తీశామంటే

మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర ఒక పల్లె. ఫ్లెక్సీలు డిజైన్ చేయడం నా పని. రోజంతా పెళ్లికొడుకుల మొహాలు తెల్లగా చేస్తూ ఉంటాను. రెండేళ్లు ఆదివారాలన్నీ తగలేసి ఏడుగురం కలిసి స్టార్ ట్రెక్ అనే అమెరికన్ అంతరిక్ష సిరీస్ మీద 14 నిమిషాల ఫ్యాన్ ఫిల్మ్, అంటే అభిమానులు సొంతంగా తీసుకునే సినిమా, తీశాం. మీరూ అలాంటి పనిలో దిగే ఉద్దేశంలో ఉంటే, మేం డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నా.

కథ రాసే ముందే రూల్స్ చదవండి. మేం చదవకుండా నలభై నిమిషాల కథ రాసుకున్నాం. ఆ రూల్స్ ఎలా వచ్చాయంటే, ఆక్సనార్ అనే స్టార్ ట్రెక్ ఫ్యాన్ ఫిల్మ్ కోసం అమెరికాలో జనం దగ్గర పది లక్షల డాలర్లకు పైగా పోగు చేశారు. 2015 డిసెంబర్‌లో దాని మీద స్టార్ ట్రెక్ హక్కులున్న సీబీఎస్, పారామౌంట్ కంపెనీలు కేసు వేశాయి. 2016 జూన్‌లో ఆ కంపెనీలే ఫ్యాన్ ఫిల్ములకు రూల్స్ ప్రకటించాయి. ఒక కథ 15 నిమిషాలు దాటకూడదు. రెండు భాగాలుగా తీస్తే మొత్తం 30 నిమిషాలు. పేరులో స్టార్ ట్రెక్ అన్న మాట ఉండకూడదు, ఇది ఫ్యాన్ ప్రొడక్షన్ అని మాత్రం కింద వేయాలి. ఎవరికీ జీతాలు ఇవ్వకూడదు, యాడ్స్ డబ్బు తీసుకోకూడదు. మందు, సిగరెట్ కనపడకూడదు. ఈ ఆఖరి రూల్ దగ్గరే మాకు దెబ్బ పడింది. మా కథలో వేరే గ్రహం వాడు గోదావరి లంకలో తాటిచెట్టు కింద కల్లు తాగుతాడు. మా బావ ఆ వేషం ఒప్పుకున్నదే ఆ సీన్ కోసం. కొబ్బరి బొండం చేతికిచ్చేసరికి వారం రోజులు నాతో మాట్లాడలేదు.

పదిహేను నిమిషాలంటే యుద్ధాలు కుదరవు. ఒక కారిడార్, ఒక గది, ఒక గ్రహం చాలు.

కారిడార్‌కి మొదట ఇనుప ఫ్రేమ్ అనుకున్నాం. వెల్డింగ్ వాళ్లు చెప్పిన రేటు విని నోరు మూసుకున్నాం. అప్పుడు గుర్తొచ్చారు, మా ఊళ్లో కనుమకి ప్రభ (తీర్థానికి దేవుణ్ణి పెట్టి మోసుకెళ్లే ఎత్తైన వెదురు కట్టడం) కట్టే తాతగారు. జగ్గన్నతోట తీర్థానికి ప్రభల్ని భుజాల మీద మోస్తూ కౌశిక ఏరు దాటిస్తారు కదా, అంత ఎత్తు ఉండి అంత కుదుపుకి ఆగేది కట్టేవాళ్లకి స్టార్‌షిప్ ఎంత! ఫోన్‌లో బొమ్మ చూపిస్తే, “ఆయ్, ఇది ప్రభ పడుకోబెట్టినట్టే ఉందండి” అన్నారు. పచ్చి వెదురు బద్దల్ని వంచి, కొబ్బరి తాడుతో ఐదు కమానులు కట్టారు. మేకు అన్నది లేదు. కొలతలు ఇవి: మొదటి కమాను ఏడడుగులు, చివరిది నాలుగున్నర. మధ్యవి వరసగా తగ్గుతూ రావాలి. ఆ చివర ఒకటో తరగతి పిల్లాడికి స్టార్‌షిప్ యూనిఫామ్ తొడిగి నిలబెట్టండి. పన్నెండడుగుల కారిడార్ కెమెరాలో ఇంకా చాలా పొడుగ్గా కనిపిస్తుంది. పిల్లాడు మాత్రం వెనక్కి తిరిగే ఉండాలి. మావాడు ఒకసారి ఇటు తిరిగి నవ్వాడు, ఆ టేక్ పోయింది.

గోడలకి షాపులో మిగిలిన ఫ్లెక్సీలు తిరగేసి కట్టాం. తెల్లగా బాగానే ఉంది. వెనక లైటు వెయ్యగానే కారిడార్ మధ్యలో ఎవరిదో పెళ్లి, శుభలేఖ అక్షరాలతో సహా, అద్దంలో చూసినట్టు తిరగబడి వెలిగింది. నా వృత్తే అదయ్యుండి నాకు తట్టలేదు. వెనక నుంచి లైటు వేస్తే ప్రింట్ లేని బ్లాక్‌బ్యాక్ ఫ్లెక్స్ (వెనక నల్లగా ఉండి వెలుగుని ఆపేది) తెల్ల వైపు ఇవతలికి పెట్టి కట్టండి. వెలుగు రావాల్సిన చోట దాన్ని కోసి, ప్రింట్ లేని మామూలు ఫ్లెక్స్ ముక్క అతికించండి.

కంట్రోల్ ప్యానెళ్లకి రొయ్యలు ప్యాక్ చేసే థర్మోకోల్ పెట్టెలు దొరుకుతాయి. రెండు రోజులు ఎండబెడితే గాని వాసన పోదు. వాటి మీద నేరుగా స్ప్రే పెయింట్ కొట్టకండి. నా కళ్ల ముందే మొత్తం ప్యానెల్ వేడి పెనం మీద వెన్నలా లోపలికి కుంగిపోయింది. ఆ స్ప్రేలో ఉండే సాల్వెంట్ థర్మోకోల్‌ని తినేస్తుంది. ఫెవికాల్‌లో సగం నీళ్లు కలిపి, పేపరు ముక్కలతో రెండు పూతలు వేసి, బాగా ఆరాక గోడలకి వేసే ఎమల్షన్ పూయండి.

ఇంకో తప్పు. మా చుట్టూ కొబ్బరి తోటలు, ఆకుల్లోంచి వచ్చే వెలుగే పచ్చగా ఉంటుంది, అందుకని గ్రీన్ స్క్రీన్ (మనిషి వెనక పచ్చ గుడ్డ కట్టి, ఎడిటింగ్‌లో ఆ రంగు తీసేసి వేరే దృశ్యం పెట్టడం) మానేసి నీలం గుడ్డ కట్టాం. తెలివిగా చేశాం అనుకున్నాం. 1966 నాటి సిరీస్‌లో సైన్స్ ఆఫీసర్ చొక్కా నీలం. ఎడిటింగ్‌లో మా ఆఫీసర్ తలా చేతులూ మిగిలి, మొండెం నక్షత్రాల్లో కలిసిపోయింది. నీలం చొక్కా వాళ్లని ఇంట్లో, పచ్చ గుడ్డ ముందు విడిగా తియ్యాలి. గుడ్డ ఏదైనా ఇస్త్రీ చేసి కట్టండి, మనిషి దానికి కనీసం ఆరడుగులు ముందుండాలి.

గ్రహానికి వేసవిలో గోదావరి ఇసుక మేటలు చాలు. పొద్దున్న ఏడు లోపు ముగించండి. కెమెరా కింద పెట్టి పైకి చూస్తే అవతలి గట్టు చెట్లు పడవు. దూరపు షాట్ ముందు తీసెయ్యండి, తర్వాత ఇసుక నిండా మీ చెప్పుల గుర్తులే ఉంటాయి. అంతర్వేది వైపు వెళితే పోటు టైము కనుక్కుని వెళ్లండి.

మాటలు అక్కడ రికార్డ్ చేసే ఆశ పెట్టుకోకండి. రొయ్యల చెరువుల ఏరేటర్ల మోత పోదు. తర్వాత పరుపులు నిలబెట్టిన గదిలో, ఫ్యాన్ ఆపి డబ్బింగ్ చెప్పండి. చెమటకి సిద్ధపడండి.

స్టార్‌షిప్ షాట్లు బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో, ఎడిటింగ్ డావిన్చీ రిజాల్వ్‌లో చేశాం. మొదటిది పూర్తిగా ఉచితం, రెండోదానికి ఉచిత వెర్షన్ ఉంది. రెండర్‌ని (కంప్యూటర్ తయారుచేసే షాట్‌ని) వీడియోగా కాకుండా ఫ్రేమ్ ఫ్రేమ్‌గా బొమ్మల వరసలో పెట్టండి. అర్ధరాత్రి కరెంటు పోయినా ఆగిన ఫ్రేమ్ నుంచి మళ్లీ మొదలుపెట్టొచ్చు. వీడియోగా పెట్టి రెండు రాత్రులు పోగొట్టుకున్నా.

సెట్ విప్పేముందు మనుషుల్లేని ఖాళీ కారిడార్‌ని, అదే లైటులో, ఒక నిమిషం తీసి దాచుకోండి. తర్వాత ఎవరినైనా కలపాల్సొచ్చినా, ఏదైనా చెరపాల్సొచ్చినా అదే దిక్కు. మేం అది కూడా హడావుడిగా తీశాం. ధనుర్మాసం సగంలో తాతగారు సైకిలేసుకొచ్చి, “బొంగులు ఖాళీ చేస్తారాండి, ప్రభకి కావాలి” అని గుమ్మంలో నిలబడ్డారు.