మీ సొంత రాక్ ఆల్బమ్ – 4వ పాఠం: గిటార్ వదిలేసిన గాంధారం

పోయిన వారం చెప్పిన డౌన్‌స్ట్రోకులు మానకండి. 160 బీపీఎమ్ (నిమిషానికి 160 బీట్లు), బార్‌కి, అంటే నాలుగు బీట్లకి, ఎనిమిది స్ట్రోకులు, అన్నీ కిందికే. మణికట్టు నొప్పి పుడితే 120కి దిగి మెల్లగా పెంచుకోండి. అమెరికన్ పంక్ బ్యాండ్ రామోన్స్ గిటారిస్ట్ జానీ రామోన్ వాయించింది ఇలాగే. 1976లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్‌లో 14 పాటలున్నా మొత్తం అరగంట కూడా ఉండదు, ఆర్కే బీచ్ దగ్గర కార్లో పెడితే భీమిలి చేరేలోపే అయిపోతుంది. మన ఆల్బమ్ కూడా అంతకంటే పొడుగు అక్కర్లేదని నా గట్టి నమ్మకం.

ఈ వారం ఆ గిటార్ మీదకి న్యూ వేవ్ (పంక్ వెనకే వచ్చిన రాక్ శైలి) కీబోర్డు తెద్దాం. గిటార్ వాయించే కార్డులనే (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) కీబోర్డు మీద మళ్లీ వాయించాలనిపిస్తుంది, అది మాత్రం వద్దు, ఏదీ విడిగా వినబడదు.

మన పవర్ కార్డులో ఉండేవి రెండే స్వరాలు. ఏ5 అంటే ఏ, ఈ. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకి చెప్పాలంటే షడ్జమం, పంచమం, తంబురాలో మోగేవే. గాంధారం లేదు కాబట్టి అది మేజరో (తేటగా వినబడేది) మైనరో (దిగులుగా వినబడేది) గిటార్ చెప్పదు, డిస్టార్షన్ ఎంత పెంచినా కార్డు చెదరకుండా నిలబడేది కూడా అందుకే. ఆ గాంధారాన్ని కీబోర్డుకి ఇద్దాం.

ఏ5ని నాలుగు బార్లు, అంటే ఆరు సెకన్లు, రికార్డ్ చేసి లూప్‌లో పెట్టండి. కీబోర్డు పై ఆక్టేవ్‌లో (పై స్థాయిలో) ఒక్క వేలితో సీ షార్ప్ నొక్కి పట్టుకోండి. అది అంతర గాంధారం, పాట తేటగా ఉంటుంది. ఇప్పుడు సీకి జరగండి, సాధారణ గాంధారం. గిటార్‌లో ఒక్క స్ట్రోకు కూడా మారలేదు, పాట మూడ్ మాత్రం పూర్తిగా మారిపోయింది, నా దృష్టిలో పంక్, న్యూ వేవ్ కలిసే చోటు సరిగ్గా ఇదే. ఇలాగే డీ5 మీద ఎఫ్ షార్ప్ లేదా ఎఫ్, ఈ5 మీద జీ షార్ప్ లేదా జీ.

1978లో ఇంగ్లండ్ గాయకుడు గ్యారీ న్యూమన్ పంక్ ఆల్బమ్ చేద్దామని స్టూడియోకి వెళ్తే అక్కడ ఎవరో వదిలేసిన మినీమూగ్ కనబడింది. ఒకసారికి ఒక్క స్వరమే పలికే సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు) అది, అతని దారి మొత్తం దాంతోనే మారింది. కాబట్టి ఖరీదైనది కొనకండి, ఇంట్లో పిల్లల క్యాసియో ఉంటే చాలు. పియానో టోన్ మాత్రం వద్దు, నొక్కిన స్వరం ఇట్టే తగ్గిపోయి గిటార్ కింద పోతుంది, స్ట్రింగ్స్ గానీ సింథ్ లీడ్ గానీ పెట్టుకోండి.

ఇంకోటి, వైజాగ్ ఉప్పుగాలికి స్టీలు తీగలు తొందరగా తుప్పు పడతాయి, వాయించాక పొడిగుడ్డతో తుడిచి కవర్లో పెట్టేయండి, బాల్కనీ పక్కన గోడకి తగిలించొద్దు.

వచ్చే పాఠానికి 16 బార్ల చరణం కావాలి. మొదటి ఎనిమిదిలో గిటార్ ఒక్కటే, అరచేత్తో తీగలు నొక్కి ముక్తసరిగా. తర్వాతి ఎనిమిదిలో చెయ్యి తీసేసి పూర్తిగా వాయించండి, కీబోర్డు అక్కడే రావాలి. ఫోన్లో రికార్డ్ చేస్తే చాలు, ఫ్యాన్ ఆపేయండి. దాని మీదే డ్రమ్స్ వేద్దాం.