నెల్లూరు కుక్కరు, అమెరికా కరెంటు

నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి అమెరికా వచ్చే పిల్లల పెట్టెల్లో పచ్చళ్ల పక్కనే కరెంటు కుక్కరు కూడా ఉంటుంది. ఇంకా బయల్దేరకపోతే దాన్ని ఇంట్లోనే వదిలేయండి. మన దగ్గర 230 వోల్టులు, ఇక్కడ 120. అడాప్టరు పెడితే ప్లగ్గు గోడలో పడుతుందే కానీ వోల్టేజీ మారదు. వోల్టేజీ సగమైతే వేడి పావు వంతుకు పడిపోతుంది. లైటు వెలగొచ్చు, ఎసరు మాత్రం కాగదు. కుక్కరు పాడైందని ఇంటికి ఫోన్ చేసి అమ్మకు టెన్షన్ పెట్టకండి. ఇక్కడి కుక్కరును సెలవులకు కావలి ఊరికి తీసుకెళ్లి పెట్టారో, అది నిజంగానే మాడిపోతుంది.

ఇక్కడ కొన్న మల్టీకుక్కరు ఉన్నట్టుండి ఆగిపోతే ముందు గోడనే అనుమానించండి. అదే సాకెట్‌లో ఫోన్ ఛార్జర్ పెట్టి చూడండి. అదీ ఎక్కకపోతే తప్పు కుక్కరుది కాదు. వంటింటి సాకెట్ మధ్యలో టెస్ట్, రీసెట్ అని రెండు చిన్న బటన్లుంటాయి. కరెంటు కాస్త లీకైనా ఆ సాకెట్ దానంతటదే కరెంటు ఆపేస్తుంది. రీసెట్‌ను టక్‌మనేదాకా నొక్కండి. మీ సాకెట్‌కు బటన్లు లేకపోతే పక్కవాటికి ఉన్నాయేమో చూడండి, అలాంటిది ఒకటి ఆగితే దాని నుంచి కరెంటు తీసుకునే మిగతా సాకెట్లూ ఆగుతాయి.

అప్పటికీ రాకపోతే బ్రేకర్ పెట్టె తెరవండి. వెయ్యి వాట్ల కుక్కరు ఎనిమిది ఆంపియర్లకు పైగా లాగుతుంది. అదే లైను మీద మైక్రోవేవ్ కూడా తిరిగితే 20 ఆంపియర్ల బ్రేకర్ పడిపోవచ్చు. పడిన మీట పూర్తిగా ఆఫ్‌లో ఉండదు, మధ్యలో ఆగుతుంది, అందుకే చాలామంది గమనించరు. ముందు పూర్తిగా ఆఫ్ చేసి, తర్వాత ఆన్ చేయండి. వెంటనే మళ్లీ పడితే ఇక ముట్టుకోవద్దు, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ వాళ్లను పిలవండి.

గోడ బాగానే ఉంటే వైరు చూడండి. చాలా మోడళ్లలో వైరు కుక్కరు వెనక నుంచి ఊడి వస్తుంది. సగం దిగినా బయటికి బిగిసినట్టే కనిపిస్తుంది. గోడ నుంచి ప్లగ్గు తీసేసి, ఆ గుంటలో ఎండిన గంజి ఉందేమో చూసి, పొడిగుడ్డతో తుడిచి, ఆగేదాకా లోపలికి నెట్టండి. ప్లగ్గు నల్లబడినా, కమురు వాసన వచ్చినా ఆ వైరు వాడొద్దు. ఎక్స్‌టెన్షన్ బాక్స్ అసలే వద్దు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా వెలగలేదంటే లోపల థర్మల్ ఫ్యూజ్, అంటే వేడి మితిమీరితే కరెంటు ఆపేది, పోయి ఉండొచ్చు. ఊళ్లో మెకానిక్‌కు వీడియో కాల్ చేస్తే "ఫ్యూజ్ తీసి డైరెక్ట్ చేసేయ్" అంటాడు. అలా చేస్తే కుక్కరు వేడెక్కిపోయినప్పుడు ఆపేది ఉండదు, చుట్టూ ఉన్నవేమో చెక్క ఇళ్లు. బిల్లు వెతకండి. వారంటీ ఉంటే అడుగు మరలు విప్పకుండానే కంపెనీకి ఫోన్ చేయండి.