సర్టిఫికెట్ వచ్చింది సరే, మరి కాంటా చీటీలు?

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో కంప్యూటర్ మీద లెక్కలు చూస్తాను. రోజూ నల్లగొండ నుంచి బస్సులో పోయి వస్తాను. ఆ బస్సులోనే, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఐఐటీలు నడిపే ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో 12 వారాల పైథాన్ (ప్రోగ్రాంలు రాసే భాష) కోర్సు పూర్తి చేశాను. సర్టిఫికెట్ రాగానే వాట్సాప్ స్టేటస్ పెట్టాను. మా పెద్దమ్మ గులాబీ బొమ్మ పంపింది. నెల తర్వాత హైదరాబాద్‌లో ఒక ఇంటర్వ్యూలో "దీంతో ఏం చేశారు?" అని అడిగితే నోరు పెగల్లేదు. కోర్సులో చేసిందంతా వాళ్లిచ్చిన డేటా మీదే. నాదంటూ ఒక్క ఫైలు లేదు.

అందుకే చెబుతున్నా, కోర్సు అయిన వారంలోపే మీ చేతికి రోజూ తగిలే లెక్క ఒకటి పట్టుకోండి. బత్తాయి తోట ఉంటే మందులు, ఎరువుల ఖర్చు. కిరాణా కొట్టయితే ఉద్దెర ఖాతా. చిన్నదైనా పర్వాలేదు, గజిబిజిగా ఉంటే ఇంకా మంచిది. ఆలస్యం చేయొద్దు. నెల గ్యాప్‌కే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ఫర్ లూప్ లైను చివర కోలన్ పెట్టాలన్న సంగతి కూడా మర్చిపోయాను.

నేను పట్టుకున్నవి యాసంగి సీజన్ కాంటా చీటీలు, అంటే మిల్లుకొచ్చిన లారీలను తూచి ఇచ్చే చీటీలు. లోడు బరువు, ఖాళీ బరువు, తేమ శాతం, లారీ నంబరు అన్నీ ఎక్సెల్‌లో ఉన్నాయి. ఏ బండి ఎన్ని ట్రిప్పులు కొట్టిందో తీసి, ప్రింటు మా సేటు ముందు పెట్టాను. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి, "ఏందమ్మా, ఒక్క బండిని నాలుగు బండ్లు జేసినవ్?" అన్నాడు.

చూస్తే నిజమే. ఒకే నంబరు నాలుగు రకాలుగా కొట్టి ఉంది. టీఎస్ తర్వాత ఒకచోట ఖాళీ, ఒకచోట అడ్డగీత, ఒకచోట 05లో సున్నా ఎగిరిపోయింది, ఇంకోచోట సున్నా బదులు ఇంగ్లిష్ అక్షరం ఓ. అందులో సగం నేను కొట్టినవే. ఖాళీలు, గీతలు పైథాన్‌లోని రిప్లేస్‌తో పోయాయి. అదే ఊపులో ఓ అక్షరాలన్నీ సున్నాలు చేసేశాను. ఒడిశా లారీల 'ఓడీ' కాస్తా 'సున్నా డీ' అయి కూర్చుంది! మొదటి రెండు అక్షరాలు ముట్టుకోకుండా మిగతా దాంట్లోనే మార్చాలని తేలేసరికి రెండు సాయంత్రాలు పోయాయి. అక్షరాల వరసలోంచి కావాల్సిన ముక్క తీసే స్ట్రింగ్ స్లైసింగ్ పాఠం రెండుసార్లు చూసినా ఎక్కనిది ఈ ఒడిశా బండ్లతో బుర్రకెక్కింది.

ఇలాంటి తప్పులు తేదీ వేసి నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి. ఇంటర్వ్యూలో చెప్పడానికి అదే సరుకు. రెజ్యూమేలో 'పైథాన్ వచ్చు' అని రాస్తే ఎవరూ ఆగి చదవరు. నేను ఇప్పుడు 'ఒక సీజన్ కాంటా చీటీల్లో లారీ నంబర్ల తప్పులు సరిచేసి, బండివారీగా ట్రిప్పులు, నికర బరువు తీసే ప్రోగ్రాం రాశాను' అని రాస్తున్నాను. ఆ లైను కిందే సర్టిఫికెట్ లింకు పెడుతున్నాను. ప్రోగ్రాంలు నలుగురికీ చూపించుకునే వెబ్‌సైట్ గిట్‌హబ్‌లో మీది పెట్టేముందు యజమానిని అడగండి. రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, ధరలు తీసేయండి. నేనైతే లారీ నంబర్లు కూడా ఉత్తుత్తివే వేశాను.

సర్టిఫికెట్ సంగతి కొంచెం. ఎన్‌పీటీఈఎల్‌లో చదువు ఉచితమే కానీ, సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టి సెంటర్‌కు పోయి పరీక్ష రాయాలి. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. పాస్ కావాలంటే అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 రావాలి. వీడియోలు మాత్రమే చూసినవాళ్లు సర్టిఫైడ్ అని రాసుకోవద్దు, లింకు అడిగితే దొరికిపోతారు. డిగ్రీ చదివేవాళ్లకు ఇంకో దారి ఉంది. 2021 యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా క్రెడిట్లు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక 'స్వయం' కోర్సులతో తెచ్చుకోవచ్చు, ఎన్‌పీటీఈఎల్ కోర్సులు కూడా అందులో ఉంటాయి. అయితే మీ యూనివర్సిటీ ఒప్పుకోవాలి, కాబట్టి కోర్సులో చేరకముందే కాలేజీలో అడగండి.

ఒకటి అయిపోగానే ఇంకో కోర్సులో చేరిపోవాలని చెయ్యి లాగుతుంది. నాకూ లాగింది, డేటాబేస్‌లోంచి వివరాలు తీసే భాష ఎస్‌క్యూఎల్‌ది పేజీ తెరిచి కూడా పెట్టుకున్నాను. ఇంతలో సేటు గోనె సంచుల రిజిస్టరు తెచ్చి టేబుల్ మీద పడేశాడు, మూడేళ్లది, అంతా చేతిరాత. దాన్ని ఎక్కించడమే ఇప్పుడు పని.