బాగా బరువు తగ్గాక సరోగేట్ తల్లి కావాలంటే ఎలా?

లావుగా ఉన్నప్పుడు డాక్టరు వద్దన్నారు. పట్టుబట్టి పాతిక, ముప్పై కిలోలు తగ్గారు. ఇప్పుడు పిల్లల్లేని అక్క కోసమో, ఆడపడుచు కోసమో బిడ్డను మోయాలనుకుంటున్నారు. చాలా పెద్ద మనసు. కానీ బరువు తగ్గగానే ఒళ్లు కాన్పుకి సిద్ధమైపోదు. కొవ్వుతో పాటు ఐరన్, బీ12, కాల్షియం కూడా తగ్గి ఉండొచ్చు. అవి మళ్లీ నిండాకే అడుగు వేయాలి.

ముందు చట్టం, వయసు చూసుకోండి

2022 జనవరి 25 నుంచి అమల్లో ఉన్న సరోగసీ చట్టం ప్రకారం ఇది డబ్బు కోసం చేసే పని కాకూడదు. వైద్య ఖర్చులు, ఇన్సూరెన్స్, రూల్స్‌లో చెప్పిన ఇతర ఖర్చులు మాత్రమే తీసుకోవచ్చు. బిడ్డను మోసే ఆమెకు పెళ్లయి, సొంత బిడ్డ ఉండాలి. పిండాన్ని గర్భంలో ఉంచే రోజుకి వయసు 25 నుంచి 35 మధ్య ఉండాలి. ఆమె అండం వాడకూడదు. జీవితంలో ఒక్కసారే సరోగేట్ కావచ్చు, అందులోనూ మూడు ప్రయత్నాలకు మించకూడదు. "ఇన్ని లక్షలు ఇప్పిస్తాం" అంటూ ఎవరైనా ఏజెంట్ వస్తే అక్కడితో మాట ఆపేయండి. కమర్షియల్ సరోగసీ నడిపేవాళ్లకు పదేళ్ల వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా ఉన్నాయి.

వయసు సంగతి మొదటే ఎందుకు చెప్తున్నానంటే, బేరియాట్రిక్ సర్జరీ (బరువు తగ్గడానికి పొట్టకు చేసే ఆపరేషన్) అయ్యాక కనీసం 12 నుంచి 18 నెలలు గర్భం వద్దంటారు. 33 ఏళ్లకు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు ఇక మిగిలే సమయం చాలా తక్కువ.

బరువు నిలకడగా ఉందా?

చట్టంలో ఇన్ని కిలోలుండాలని లేదు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇవ్వాల్సింది డాక్టరు. బీఎమ్‌ఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె, మీరే లెక్కేసుకోవచ్చు: కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించాలి. ఎత్తు 1.55 మీటర్లు, బరువు 68 కిలోలైతే దాదాపు 28 వస్తుంది. నా దృష్టిలో ఈ అంకె కంటే కొన్ని నెలలుగా బరువు ఒకేచోట నిలబడటం ముఖ్యం. ఇంకా తగ్గుతూనే ఉంటే ఆగండి. సెమాగ్లుటైడ్ అనే ఆకలి తగ్గించే మందు ఇంజెక్షన్‌తో తగ్గినవాళ్లు గర్భానికి కనీసం రెండు నెలల ముందే దాన్ని మానేయాలి. అన్నం, రొట్టె దాదాపు మానేసే కీటో లాంటి డైట్ చేస్తుంటే అదీ ఆపి, మామూలు అన్నం, పప్పు, కూర, గుడ్డు తిండికి రండి.

రక్తపరీక్షల దగ్గర తొందరపడొద్దు

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. హిమోగ్లోబిన్ 12 ఉందని సంతోషిస్తారు, ఫెరిటిన్ చూస్తే అడుగంటి ఉంటుంది. అంటే ఒంట్లో ఐరన్ నిల్వ లేదన్నమాట. కాబట్టి విజయవాడ సూర్యారావుపేటలో చూపించుకున్నా, గుంటూరు కొత్తపేటలో చూపించుకున్నా ఫెరిటిన్, బీ12, ఫోలేట్, విటమిన్ డి, కాల్షియం, థైరాయిడ్, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్) చేయించమని అడగండి. త్వరగా బరువు తగ్గినవాళ్లకు పిత్తాశయంలో రాళ్లు రావచ్చు, స్కాన్ గురించి కూడా అడగండి. విటమిన్ ఏ ఉన్న మాత్రలు సొంతంగా వేసుకోకండి, రెటినాల్ ఎక్కువైతే కడుపులో బిడ్డకు హాని. ఐరన్, కాల్షియం మాత్రలు కలిపి మింగకూడదు, మధ్యలో రెండు గంటలు గ్యాప్ ఇవ్వండి. మాత్ర మీద కాఫీ, టీ వద్దు.

బరువు తగ్గడానికి పొట్టకు బైపాస్ సర్జరీ అయినవాళ్లు ఇంకో మాట గుర్తుపెట్టుకోవాలి. గర్భంలో షుగర్ టెస్టుకి ల్యాబ్‌లో 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లు తాగిస్తారు. మీకు కాసేపటికే గుండెదడ, చెమటలు, కళ్లు తిరగడం రావచ్చు. ఆపరేషన్ సంగతి ముందే చెప్తే, దాని బదులు ఇంట్లో గ్లూకోమీటర్‌తో వారం రోజులు చూడమంటారు.

కాగితాలు

రిజిస్ట్రేషన్ ఉన్న సరోగసీ క్లినిక్‌కే వెళ్లండి. బిడ్డను కోరుకునే దంపతులు జిల్లా మెడికల్ బోర్డు సర్టిఫికెట్, తల్లిదండ్రుల హక్కుపై మేజిస్ట్రేట్ కోర్టు ఆర్డర్ తెచ్చుకోవాలి. 2022 నుంచి విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలో ఉంది కాబట్టి పాత కృష్ణా జిల్లా ఆఫీసు చుట్టూ తిరగకండి. మీ వంతుగా శారీరక, మానసిక ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలి. సమ్మతి పత్రం మీకు అర్థమయ్యే భాషలోనే ఉండాలి, తెలుగులో అడగండి.

"ఇప్పుడు సన్నబడ్డావుగా వదినా, ఇంకేం ఇబ్బంది?" అని ఇంట్లో ఒత్తిడి ఉంటే కౌన్సిలర్‌తో ఒంటరిగా మాట్లాడండి. పిండాన్ని ఉంచేలోపు ఎప్పుడైనా మీరు కాదనవచ్చు. ఆ హక్కు చట్టమే ఇచ్చింది.

గర్భం నిలిచాక

కష్టపడి తగ్గించుకున్న ఒళ్లు మళ్లీ పెరుగుతుంటే గుబులు పుడుతుంది. సహజమే. కానీ ఈ తొమ్మిది నెలలూ డైటింగ్ ఊసే వద్దు. మొదట్లో బీఎమ్‌ఐ మామూలుగా ఉన్నవాళ్లు 11.5 నుంచి 16 కిలోలు, 25 నుంచి 30 లోపు ఉన్నవాళ్లు 7 నుంచి 11.5 కిలోలు పెరగడం మంచిదని ఒక లెక్క. మీకెంతో డాక్టరు చెప్తారు. సర్జరీతో పొట్ట చిన్నదైతే కొంచెం కొంచెంగా ఐదారుసార్లు తినండి. విజయవాడ ఎండల్లో గ్లాసుడు నీళ్లు ఒకేసారి తాగలేరు, బాటిల్ పక్కనే పెట్టుకుని గుక్కెడు గుక్కెడు తాగండి. బిడ్డ ఎదుగుదలకి స్కాన్లు మామూలుకంటే ఎక్కువ రాస్తే విసుక్కోవద్దు.

దంపతులు మీ పేరున 36 నెలల ఆరోగ్య బీమా తీసుకోవాలి, కాన్పు తర్వాత వచ్చే సమస్యలు కూడా అందులోకి వస్తాయి. పాలసీ కాపీ ఒకటి మీ దగ్గరే ఉంచుకోండి.