ఒకటికి మించి సమస్యలున్న పిల్లలకు వైకల్య సర్టిఫికెట్: దరఖాస్తు విధానం, అసలు ఎక్కడ ఆగిపోతున్నారు

ఆటిజంతో పాటు మేధో వైకల్యం, సెరిబ్రల్ పాల్సీతో (మెదడు దెబ్బతినడం వల్ల కదలికల్లో వచ్చే ఇబ్బంది) పాటు మాట సరిగా రాకపోవడం... ఇలా రెండు మూడు సమస్యలు కలిసి ఉన్న పిల్లలు చాలామందే ఉన్నారు. కానీ సర్టిఫికెట్ చేతికొచ్చాక చూస్తే కొందరికి అందులో ఒక్కటే ఉంటుంది. మిగతావాటికి పరీక్ష జరగకపోవడం, దరఖాస్తులో వాటిని రాయకపోవడం దీనికి ముఖ్య కారణాలు. రెండూ ముందే సరిచూసుకోగలిగినవే.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆటిజం, మేధో వైకల్యం, చదవడం రాయడంలో వచ్చే అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం అందులో వేటికవే ఉన్నాయి. ఒకటికి మించి ఉంటే బహుళ వైకల్యం కిందికి వస్తుంది. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య) పేరు మాత్రం ఆ జాబితాలో విడిగా లేదు. అందుకే ఏడీహెచ్‌డీ అని మాత్రమే రాసి ఉన్న ప్రిస్క్రిప్షన్‌తో వెళ్లినవాళ్లకు నిరాశ తప్పడం లేదు. దానితో పాటు ఆటిజం గానీ అభ్యసన వైకల్యం గానీ ఉన్నట్టు డాక్టర్ చెప్పి ఉంటే, దానికి విడిగా పరీక్ష చేయించుకున్నాకే దరఖాస్తు చేయండి.

దరఖాస్తు చేయడం కష్టమేమీ కాదు. కేంద్ర ప్రభుత్వ స్వావలంబన్ పోర్టల్‌లో వైకల్య సర్టిఫికెట్‌కు, యూడీఐడీ (దివ్యాంగుల ప్రత్యేక గుర్తింపు) కార్డుకు కలిపి ఉచితంగా దరఖాస్తు చేసుకోవచ్చు. ఫొటో, ఆధార్, చిరునామా రుజువు ఉంటే చాలు. ఆన్‌లైన్ పని అలవాటు లేనివాళ్లు మీసేవలో గానీ, ఆంధ్రప్రదేశ్‌లో అయితే సచివాలయంలో గానీ అడగవచ్చు. ఆధార్‌లో ఉన్న పేరు, పుట్టిన తేదీ మిగతా కాగితాలతో అక్షరం తేడా లేకుండా కలవాలి. వైకల్యం ఏమిటని అడిగే చోట, నిర్ధారణ అయిన ప్రతిదీ నమోదైందో లేదో సబ్మిట్ నొక్కే ముందు మీరే స్క్రీన్ మీద చూడండి. తొందరలో ఆపరేటర్ ఒక్కటి ఎంచుకుని ముందుకు వెళ్లిపోవచ్చు.

అసలు చిక్కు రిపోర్టుల దగ్గర వస్తుంది. థెరపీ సెంటర్ ఇచ్చిన ప్రోగ్రెస్ నోట్స్ ఎంత లావు ఫైలైనా, పిల్లలను పరీక్షించి వైకల్య శాతం తేల్చే మెడికల్ బోర్డుకు సరిపోదు. బోర్డుకు కావలసింది స్కోరు. ఆటిజానికి ఐఎస్ఏఏ అనే స్కేలు వాడతారు. మేధో వైకల్యానికి ఐక్యూ పరీక్షతో పాటు రోజువారీ పనుల సామర్థ్యాన్ని చూసే వీఎస్ఎంఎస్ స్కేలు, మానసిక అనారోగ్యానికి ఐడియాస్ అనే స్కేలు వాడతారు. అభ్యసన వైకల్యాన్ని సాధారణంగా 8 ఏళ్లు నిండాకే నిర్ధారిస్తారు. రిపోర్టు మీద ఏ పరీక్ష చేశారు, స్కోరెంత, తేదీ ఎంత, చేసిన సైకాలజిస్ట్ పేరు, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఈ నంబరు లేని రిపోర్టుకు డబ్బు కట్టకండి. సికింద్రాబాద్‌లోని ఎన్ఐఈపీఐడీ ఈ పరీక్షలు చేసే జాతీయ సంస్థ. జిల్లా ఆసుపత్రిలో సైకాలజిస్ట్ ఉంటే ముందు అక్కడే అడగండి. మీ రిపోర్టు ఉన్నా బోర్డు మళ్లీ పరీక్ష చేయవచ్చు. అనుమానించారని అనుకోవద్దు, అది వాళ్ల పద్ధతి.

ఈ స్కేళ్లలో చాలా ప్రశ్నలకు జవాబు చెప్పాల్సింది తల్లిదండ్రులే. ఎక్కువమంది తెలియకుండా నష్టపోయేది ఇక్కడే. 'బాబు తనంతట తానే తింటాడా?' అని అడిగితే 'తింటాడండీ' అంటారు. ముద్ద కలిపి, పక్కన కూర్చుని, మధ్యమధ్యలో గుర్తుచేస్తే తింటాడన్న సంగతి చెప్పరు. ఏళ్లుగా చేస్తూ ఉండటంతో ఆ సాయం మీకు సాయంలా అనిపించదు. పైగా కొత్తవాళ్ల ముందు బిడ్డ గురించి తక్కువ చేసి చెప్పడానికి ఏ తల్లికీ నోరు రాదు. కానీ అక్కడ రాసుకునేది 'స్వతంత్రంగా చేస్తాడు' అనే. కాబట్టి వెళ్లే ముందు ఒక మామూలు రోజును కాగితం మీద పెట్టండి. స్నానం, బట్టలు, టాయిలెట్, నిద్ర, బయటికి వెళ్లినప్పుడు భద్రత, వీటిలో ఎవరు ఎంత చేయిస్తున్నారో రాయండి. పెంచి చెప్పనక్కర్లేదు, తగ్గించి చెప్పకండి. ఆ రోజు పిల్లాడు నిశ్శబ్దంగా కూర్చున్నా, ఏడ్చి గోల చేసినా టెన్షన్ పడకండి. ఇంట్లో ఎలా ఉంటాడో మీరు చెప్పే మాటకూ అక్కడ విలువుంది.

రెండు వైకల్యాల పర్సంటేజీలను నేరుగా కూడరు. ఎక్కువ ఉన్నదాన్ని పూర్తిగా తీసుకుంటారు. దాన్ని 90 నుంచి తీసేస్తే మిగిలేదాన్ని రెండోదానితో గుణించి, 90తో భాగించి కలుపుతారు. ఒకటి 50 శాతం, మరొకటి 45 శాతం అయితే మొత్తం 70 అవుతుంది, 95 కాదు. ఈ లెక్క తెలియకపోవడమే బ్రోకర్లకు అవకాశం. 'తక్కువ వేశారు, పెంచిస్తాం' అంటూ గేటు దగ్గరే పట్టుకుంటారు. డబ్బిచ్చి తెచ్చుకున్న పర్సంటేజీ తర్వాత తనిఖీలో బయటపడితే ఇబ్బంది పడేది మీ కుటుంబమే. మోసంతో ప్రయోజనాలు పొందితే రెండేళ్ల వరకు జైలు గానీ, లక్ష రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చని 2016 చట్టం 91వ సెక్షన్ చెబుతోంది. వైకల్యం 40 శాతం లేదా ఆపైన ఉంటే 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గర్లోని బడిలో గానీ, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచిత విద్య హక్కుగా వస్తుంది. అంతకంటే తక్కువ వచ్చినా సర్టిఫికెట్ తీసుకుని దాచండి.

బోర్డు నిర్ణయం తప్పనిపిస్తే రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన గడువులోగా అప్పీలు చేసుకోవచ్చు. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. అడిగి తీసుకోండి, అప్పీలుకు ఆ కాగితమే ఆధారం.

చిన్న పిల్లలకు సాధారణంగా తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తారు. గడువు తేదీ చూసుకుని ముందే రెన్యువల్‌కు పెట్టుకోండి, పాత రిపోర్టుల ఒరిజినల్స్ ఎవరికీ ఇచ్చేయకండి. 18 నిండాక చట్టబద్ధ సంరక్షకత్వం కోసం కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేయాల్సి రావచ్చు. ఈ కమిటీని ఏర్పాటు చేసే 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలకే వర్తిస్తుంది. సర్టిఫికెట్‌లో మానసిక అనారోగ్యం ఒక్కటే రాసి ఉంటే అక్కడ దారి మూసుకుపోతుంది. మీ బిడ్డకు ఆటిజమో మేధో వైకల్యమో కూడా ఉంటే, ఆ పేరు ఈసారి రెన్యువల్‌లోనే చేర్పించండి.